మూడో తరగతి వంక అవతలికి పోయింది, మా అక్క కూతురు ఇంట్లో కూర్చుంది

వంక_ఒడ్డు
ఆదోని వైపు మాది. ఊరి పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు ఇంటి మీదికొస్తారు. మా బడిలో ఒకటి నుంచి ఐదు దాకా ఉండేది. బళ్ళు కలిపినప్పుడు మూడు, నాలుగు, ఐదు పక్కూరికి పోయినాయి. ఇక్కడ ఒకటి, రెండు మిగిలినాయి. మా అక్క కూతురు జూన్‌లో మూడుకొచ్చింది. రెండు వారాలు పోయింది, మానేసింది.
దూరం 900 మీటర్లని కాగితంలో ఉంది. అది వంకలో దిగి ఎక్కితే. వంక పారితే తారురోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాల, రెండు కిలోమీటర్ల పైమాటే. ఆ రోడ్డు నిండా కంకర టిప్పర్లు. అక్క ఏడింటికే కూలికి పోతుంది, ఇంకెవరు తోడు పోతారు? మొగపిల్లోళ్ళు ముగ్గురూ పడుతూ లేస్తూ పోతాండారు. ఆడపిల్లోళ్ళు ఐదుగురుంటే ఇద్దరే పోతాండారు. ఎవరిని అడగాల? అసలు అడిగేదానికి హక్కుందా?

బెంగళూరు_బాబు
నేను రోజూ మూడు కిలోమీటర్లు నడిచే చదువుకున్నా. ఇప్పటి పిల్లలకి అన్నీ గుమ్మంలోకి రావాలి.

గోదారి_గట్టు
@బెంగళూరు_బాబు మీ చెల్లెలు కూడా నడిచిందా?

బెంగళూరు_బాబు
ఏడో తరగతి దాకా నడిచింది. తర్వాత నాన్న మాన్పించారు.
సరే. అర్థమైంది. వెనక్కి తీసుకుంటున్నా.

చిట్టిగువ్వ
ఈ వేదికలో మాట వెనక్కి తీసుకున్న మొదటి మగాడు. మోడరేటర్ గారూ, ఈ పోస్టు పైన అతికించండి.

లెక్కల_మాస్టారు
నన్ను తిట్టుకోవచ్చు గానీ రెండో వైపు కూడా వినండి. నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకి చెప్పే టీచర్ని. ఏడేళ్ళు ఏకోపాధ్యాయ బడిలో చేశాను. పిల్లలు పదిహేడు మంది, తరగతులు ఐదు. ఒకటి, రెండుకి మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడు తరగతులకి పరిసరాల విజ్ఞానం కలిపి నాలుగేసి. లెక్క వేయండి, రోజుకి పద్దెనిమిది పాఠాలు, చెప్పేది ఒక్కడు. మధ్యలో గుడ్లు లెక్కపెట్టాలి, మరుగుదొడ్డి ఫోటో యాప్‌లో ఎక్కించాలి, మీటింగుకి మండలానికి పోవాలి. నాకు జ్వరమొస్తే ఊరి బడికే జ్వరం. ఐదో తరగతి పిల్ల ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేది. మంచి పిల్ల, బాగా దిద్దించేది. తనకి భాగహారం రాకుండానే ఆరుకి పోయింది.
కలిపినచోట తరగతికో టీచరు ఉంటే ఆ పిల్లకి భాగహారం వచ్చేది. ఊళ్ళో బడి ఉండటం వేరు, ఆ బడిలో చదువుండటం వేరు.

వంక_ఒడ్డు
@లెక్కల_మాస్టారు సార్, మీరు చెప్పింది కాదనను. ఆ కొత్త బడి బాగుందని పోయే ఇద్దరు పిల్లలూ అంటాండారు. ఆ బాగున్న బడికి మా పిల్ల ఎట్ల పోవాలనేదే నా బాధ.

గోదారి_గట్టు
1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని పెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అన్నారు. విద్యాహక్కు చట్టం పట్టికలోనూ అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లని రాసి ఉంది. మరి మాస్టారు ఏడేళ్ళు ఒక్కరే ఎలా ఉన్నారు? రెండో మనిషిని ఇవ్వకుండా ఉంచి, తర్వాత "ఒక్కరే ఉన్నారు కాబట్టి కలిపేద్దాం" అంటే, కాలు విరగ్గొట్టి కర్ర చేతికిచ్చినట్టే.

లెక్కల_మాస్టారు
అది నిజం. రెండో పోస్టు ఉండేది. డిప్యుటేషన్ మీద వేరేచోటికి పోయింది. పేరు ఇక్కడ, మనిషి అక్కడ.

చిట్టిగువ్వ
మా ఇంట్లో ఫ్యాను స్విచ్‌లా అన్నమాట. బోర్డు మీద ఉంది, పైన ఫ్యాను లేదు.

పాలమూరోడు
మా గద్వాల దిక్కు సంగతి చెప్త. మీకు వంక, మాకు సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి. ఆడ మొక్కల మొగ్గలు పొద్దుగూకే యాళ్లకు ఒలిచి పెడ్తరు, తెల్లారి మగ పువ్వు తెచ్చి రుద్దుతరు. క్రాసింగ్ అంటం. ఎండెక్కకముందే అయిపోవాలె. మొక్క ఎత్తు పిల్లల ఎత్తే ఉంటది, వంగే పని లేదు, ఏళ్లు సన్నగుంటయని ఆడపిల్లలనే పిలుస్తరు. కూలి తక్కువ ఇయ్యొచ్చన్నది అసలు సంగతి. ఇప్పుడు మా దిక్కు తగ్గింది, పోలేదు. పిల్ల పొద్దున పత్తిల, పగటికి బడిల అన్నం కాడ, మళ్ల సాయంత్రం పత్తిల. రిజిస్టరు చూస్తే రోజూ వచ్చినట్టే.
బడి ఊర్లనే ఉండె మాకు. దూరం ఒక్కటే కారణమంటే నేను నమ్మ.

రిటైర్డ్_పంతులమ్మ
పాలమూరోడు అన్నది అక్షరాలా నిజం. నేను ముప్పై రెండేళ్ళు చెప్పాను, అందులో పంతొమ్మిదేళ్ళు పల్లెల్లోనే. బడికి రాని ఆడపిల్ల ఇంటికి వెళ్ళి "ఎందుకు పంపట్లేదు" అంటే ఎవరూ సూటిగా చెప్పరు. "దానికే ఇష్టం లేదండీ" అంటారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, పావుగంట వేరే కబుర్లాడితే అప్పుడు అసలు కారణం లోపలి గదిలోంచి పాకుతూ వస్తుంది. ఏడాది నిండని తమ్ముడు.
ఒకసారి నాలుగో తరగతి పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే "వీడు ఏడుస్తాడు టీచర్" అంది. నా పాత చీర తెచ్చి వరండా దూలానికి ఉయ్యాల కట్టాను. తాడు ఒక కొస ఆ పిల్ల చేతిలో. ఎడమ చేత్తో ఊపుతూ కుడి చేత్తో ఎక్కాలు రాసేది. తనిఖీకి వచ్చినాయన "బడిలో ఉయ్యాల ఏమిటి, తొలగించవలెను" అని రిమార్కు రాశారు. తీసేశాను. మూడు రోజులకి పిల్ల మానేసింది. మళ్ళీ కట్టాను. ఈసారి ఆయన వచ్చే రోజు కనుక్కుని ఆ రోజు విప్పేదాన్ని.
ఆ అమ్మాయి కోసం నేను చేసిందల్లా ఆ చీరే. నా పాఠం కాదు.

చిట్టిగువ్వ
టీచర్ గారూ, ఆఫీసు బస్సులో చదివాను. పక్కావిడ "ఏమైందమ్మా" అని అడిగింది.

తూరుపు_కొండ
మాది ఏజెన్సీ. బడి గుమ్మంలోనే ఉన్నా అందని చదువొకటుంది, అది భాష. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకి మొదటి రోజు తెలుగు వాచకం ఇస్తారు. "అమ్మ", "ఆవు" బొమ్మలు చూసి గుర్తుపడుతుంది, పేరు మాత్రం వేరేది చెబుతుంది. తప్పు అంటారు. మొదటి వారంలోనే తప్పు అనిపించుకున్న పిల్ల నోరు మూసుకుంటుంది. సవర, కువి, కోయ, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో ఉమ్మడి రాష్ట్రంలోనే వాచకాలు వేశారు. ఆ వాచకం పట్టుకుని మా మాటే మాట్లాడే మాస్టారు ఉన్న రెండేళ్ళూ మా ఊరి బడి కిటకిటలాడింది. ఆయనకి బదిలీ అయ్యాక పుస్తకాలు బీరువాలోకెళ్ళాయి.

గోదారి_గట్టు
1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం గారు ఆడపిల్లల బడి పెట్టారు. ఆరోజుల్లో అడ్డం పడింది జనం నోళ్ళు. ఇప్పుడు "ఆడపిల్లకి చదువెందుకు" అని పైకి అనేవాళ్ళు మా వైపు కనిపించరు. అందరూ చదివించాలనే అంటారు. మళ్ళీ టిప్పరు, తమ్ముడు, పత్తి, వంక.

బెంగళూరు_బాబు
తప్పు దిద్దుకునే ప్రయత్నంగా ఒకటి చెప్తా. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. కార్తిక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని లెక్కగట్టారు. హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది, మగపిల్లలకీ వీళ్ళకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. హైస్కూలు 3 కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ లాభం. సైకిల్ అడగండి.

వంక_ఒడ్డు
అన్నా, మూడో తరగతి పిల్లకి సైకిల్ సీటు అందదు. టిప్పర్ల రోడ్డు మీదికి సైకిలిచ్చి పంపితే మా అక్క నన్ను ఇంట్లోకి రానీయదు.

అమ్మ_ఉద్యోగి
బీహార్ కథలో నాకు నచ్చింది సైకిల్ కాదు, గుంపు. ఊళ్ళో ఒక్క పిల్ల సైకిలెక్కితే నలుగురూ చూస్తారు, పాతికమంది ఎక్కితే ఎవడూ చూడడు. మీ ఊళ్ళో ఎనిమిది మంది ఉన్నారుగా. ఎనిమిది మందీ ఒకే టైముకి, ఒక పెద్దమనిషి వెంట కదిలితే?

వంక_ఒడ్డు
ఆ పెద్దమనిషి ఎవరు అక్కా? అందరూ కూలికి పోయేవాళ్ళే. ఒక పూట పోగొట్టుకోని రోజూ ఎవరొస్తారు ఊరకనే?

పాలమూరోడు
ఊరకనే ఎందుకు, పైసలియ్యాలె.

మోడరేటర్
ఇప్పటిదాకా ఏ పార్టీ పేరూ రాలేదు. ఇలాగే కానివ్వండి.

చిట్టిగువ్వ
మోడరేటర్ దిష్టి పెట్టేశారు.

సీమ_సింహం
పాత ప్రభుత్వం చేసిన పాపం ఇది, 117 జీవో తెచ్చిందే వాళ్ళు.

నల్లరేగడి
దాన్ని 2025లో రద్దు చేసి తొమ్మిది రకాల బడులు పెట్టింది ఎవరో? ఈ చెల్లెలి బడిలో మూడో తరగతి ఇప్పుడు కూడా ఊళ్ళో లేదుగా?

మోడరేటర్
ఇద్దరికీ ఒక్కో పోస్టు అయింది. చాలు. తర్వాతిది తీసేస్తా.

లెక్కల_మాస్టారు
ఆ రెండు వాక్యాల్లో చరిత్ర ఉంది కాబట్టి చెప్తాను. 2022లో 117 జీవోతో మూడు నుంచి ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్ళలో కలిపారు. 2025లో అది పోయి మోడల్ ప్రైమరీ స్కూళ్ళొచ్చాయి, తరగతికో టీచరు అన్న మాటతో. చిన్న బళ్ళు కొన్నిచోట్ల ఒకటి, రెండు తరగతులకే మిగిలాయి. బోర్డు రాసే పెయింటరు మాత్రం బాగుపడ్డాడు.

చట్టం_చూసినోడు
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆవిడ అడిగిన ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. హక్కుందా అని అడిగారు. ఉంది.
విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరో సెక్షన్, ఆవాసానికి దగ్గర్లో బడి ఉండాలి. రూల్స్ ప్రకారం ఐదు దాకా కిలోమీటరు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు. అందరూ ఇక్కడే ఆగిపోతారు. కేంద్రం 2010లో ఇచ్చిన మోడల్ రూల్స్‌లో దాని కిందే ఇంకో మాట ఉంది. వరద, కొండచరియలు, రోడ్డు లేకపోవడం, మొత్తంగా ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో చిన్నపిల్లలకి ప్రమాదం ఉంటే, ఆ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలి. అంటే మీది నిజంగానే 900 మీటర్లయినా, మధ్యలో పారే వంక ఉంటే ఆ కిలోమీటరు మీకు వర్తించదు అని వాదించే వీలుంది.
రెండోది. దూరం పోవాల్సి వస్తే సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకంలో రవాణాకి గానీ, తోడు మనిషికి గానీ పిల్లకి ఏడాదికి 6,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటుంది. తోడు మనిషికి కూడా, గమనించండి. @పాలమూరోడు అన్న పైసలు అవే. కానీ కాగితంలో 900 ఉన్నంతకాలం మీ ఊరి పేరు ఆ జాబితాలోకి రాదు. మీ గొడవంతా ఆ అంకె దగ్గరే ఉంది.

వంక_ఒడ్డు
ఆ 900 ఎవరు కొలిచినారు? మా ఊరికి టేపు పట్టుకోని ఎవరూ రాలేదే.

లెక్కల_మాస్టారు
ఎవరూ రారమ్మా. పటం మీద ఈ బడి చుక్క, ఆ బడి చుక్క. మధ్యన గీత.

పాలమూరోడు
కాకి లెక్క. కాకి పోయినట్టు తిన్నగ పోవాలె మీ పిల్ల.

చిట్టిగువ్వ
కాకికి మూడో తరగతి అక్కర్లేదు కదా.

రిటైర్డ్_పంతులమ్మ
అమ్మా వంక_ఒడ్డూ, ఇంకో మాట. చట్టం చూసిన అబ్బాయి చెప్పినవన్నీ సరే, వాటిని అడగాల్సింది నువ్వొక్కదానివే కాదు. బడికి యాజమాన్య కమిటీ అని ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు. కమిటీ తీర్మానం రాసి ఇస్తే అది నీ ఫిర్యాదు కాదు, బడి కాగితం అవుతుంది. ఆఫీసుల్లో మనిషిని తిప్పి పంపడం తేలిక. కాగితానికి నంబరేస్తే జవాబు రాయాల్సి వస్తుంది. మీ అక్కని కమిటీ మీటింగుకి తీసుకెళ్ళు. కూలికి పోయే రోజు పెడితే రారు, అది కూడా చూసుకో. నా సర్వీసులో కమిటీ ఆడవాళ్ళ వేలిముద్రలు ఇంటికి పుస్తకం పంపి వేయించుకొచ్చిన బళ్ళు చూశాను.

అమ్మ_ఉద్యోగి
డబ్బు ఇస్తే చదువుతారు అనుకునేవాళ్ళకి ఒకటి. అమ్మ ఒడి 2020లో మొదలైనప్పుడు తల్లికి 15,000, పిల్లలు ఎంతమందైనా అంతే. మా పనావిడ ఆ డబ్బు పెట్టి కొడుకుని కాన్వెంటులో వేసింది, కూతురు సర్కారు బడిలోనే. "అది ఎట్లాగూ చదువుతుందమ్మా, వాడికే పెట్టాలి" అంది. ఇప్పుడు తల్లికి వందనం ప్రతి పిల్లకీ వస్తోంది, బడి నిర్వహణకి 2,000 పోను 13,000. కూతురి డబ్బు కూతురి పేరున వచ్చేసరికి ఆవిడ లెక్కలో కొంచెం తేడా వచ్చింది. ట్యూషన్ పెట్టించింది. కొడుక్కీ, కూతురికీ.

నల్లరేగడి
మా ఊళ్ళో ఆ డబ్బు వచ్చిన వారం వైన్ షాపు కళకళలాడింది.

అమ్మ_ఉద్యోగి
తల్లి ఖాతాలో పడింది వైన్ షాపుకి ఎలా పోయిందో తల్లిని అడిగారా? ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో?

నల్లరేగడి
అడగలేదు. నిజమే, కార్డు జేబులోనే ఉంటుంది.

వంక_ఒడ్డు
పన్నెండు రోజులాయె, వివరం రాస్తాండా.
మీటింగు ఆదివారం పెట్టించినాం. హెచ్ఎం సార్ మంచోడే, "మీరు రాసిస్తే నేను పైకి పంపిస్తా" అన్నాడు. మా అక్క జన్మలో మీటింగులో మాట్లాడలేదు. "ఏం మాట్లాడాల" అని రాత్రంతా అడిగింది. తీరా అక్కడ లేచి, "సార్, మీరు ఒకసారి మా పిల్లతో నడిచి చూడండి" అని కూర్చుంది. అంతే మాట. ఆ మాటే తీర్మానంలో రాసినారు.
మూడో రోజు సీఆర్పీ, అంటే చుట్టుపక్కల బళ్ళు చూసుకునే ఆయన, వచ్చినాడు బండి మీద. వంకలో నీళ్ళున్నాయి. బండి దిగలేదు. చుట్టూ తిరిగి పోయినాడు, బండి మీటరులో 2.3 చూపించింది. తలకాయ గోక్కున్నాడు. ఆ అంకె రాసుకోని పోయినాడు. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు.

చట్టం_చూసినోడు
2.3 రాశాడా? పెన్నుతోనా పెన్సిల్‌తోనా?

వంక_ఒడ్డు
పెన్నుతోనే అన్నా. నా కళ్ళారా చూసినా.

అమ్మ_ఉద్యోగి
తోడు సంగతి?

వంక_ఒడ్డు
ఒక ముసలవ్వ ఉంది, కూలికి పోలేదు, మోకాళ్ళ నొప్పి. "రోజూ నడిస్తే నొప్పి తగ్గుతుందని డాక్టరు చెప్పినాడు, నేను పోతా" అనింది. ప్రస్తుతానికి ఎనిమిది ఇళ్ళోళ్ళం తలా ఇంత వేసుకోని ఇస్తాండాం. చేతిలో కట్టె, ముందర అవ్వ, వెనక ఏడుగురు. టిప్పర్లోళ్ళు ఆపుతాండారు, అవ్వ కట్టె ఎత్తితే.

పాలమూరోడు
ఏడుగురా? ఎనిమిది మంది గద?

వంక_ఒడ్డు
ఒక పిల్ల రాలేదు. వాళ్ళ నాయనకి అప్పుంది. దీపావళి పోతానే సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారంట గుంటూరు వైపు, మిరపకాయలు కోసేదానికి. "రెండు నెలలకి బడికి పోయి ఏం చేస్తుంది" అన్నారు. వలస పోయేవాళ్ళ పిల్లలకి సీజనల్ హాస్టల్ పెడతారు కదా, అందులో వదలండి అన్నా. రాత్రి పూట ఆడమనిషి ఉంటుందా అని అడిగినారు. నాకు తెలియదు. తెలుసుకోని చెప్తా అన్నా.

రిటైర్డ్_పంతులమ్మ
తెలుసుకునే చెప్పు, ఊరికే ఉంటుందని చెప్పకు. ఉండకపోతే ఇంక నీ మాట ఆ ఇంట్లో చెల్లదు.

లెక్కల_మాస్టారు
సుగ్గికి పోయేలోపే పిల్ల పేరు, ఏ ఊరు పోతున్నారో రాసి హెచ్ఎంకి ఇవ్వండి. గుంటూరు వైపు పొలాల దగ్గర్లో ఉన్న బడిలో కూర్చోబెట్టమని అడగొచ్చు. విద్యాహక్కు చట్టంలో ఏడాది మధ్యలో చేరినా చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని కాదనకూడదు. పత్రం లేకపోయినా చేర్చుకోమనే చెప్పండి.

తూరుపు_కొండ
అవ్వకి కట్టెతో పాటు ఒక ఈల కూడా ఇవ్వండి. మా కొండ రోడ్డు మీద అదే పని చేసింది.

చిట్టిగువ్వ
అవ్వకి ఈల ఇస్తే ఆర్టీఓ ఆఫీసు మూసేయాలి.

వంక_ఒడ్డు
ఒక సంగతి అడగాల. తీర్మానం పుస్తకం హెచ్ఎం సార్ దగ్గరే ఉంది. పైకి పంపినట్టు మాకు రుజువేమన్నా ఉండాల్నా?

చట్టం_చూసినోడు
ఆ పేజీ ఫోటో తీసుకోండి, సంతకాలు కనపడేలా. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చిన కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకుని దాన్నీ తీసుకోండి. ఫోన్లో ఒకటి, ఇంకొకటి మీ అక్క ఫోన్లో.

వంక_ఒడ్డు
అక్కకి ఫోన్ లేదన్నా. జిరాక్సు తీపించి రేషన్ కార్డు కవర్లో పెడతా.